తువ్వాళ్లు తీయించిన ఆవిడ

కొత్తపేట బస్టాండులో అమలాపురం బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు. కిటికీలోంచి ఒక ఎర్ర తువ్వాలు ఎగిరొచ్చి నా పక్క సీటు మీద పడింది. వేసినవాడు నిశ్చింతగా వెనక్కి తిరిగి సోడా కొట్టు వైపు వెళ్లిపోయాడు. సీటు అతనిదైపోయింది. మా వైపు దీనికి తిరుగులేదు. తువ్వాలు పడ్డ సీట్లో ఎంతటివాడైనా కూర్చోడు. కాళ్లు లాగేస్తున్నా కమ్మీ పట్టుకుని నిలబడతాడు గాని, ఆ గుడ్డముక్కని పక్కకి జరపడు.

నేను ఒక్కణ్నే నవ్వుకున్నాను. అప్పుడే ఎక్కి కమ్మీ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన చూశాడు.

"ఏంటండీ, తమలో తమరే నవ్వుకుంటున్నారు?"

"ఏం లేదండి, ఒకావిడ గుర్తొచ్చేరు" అన్నాను.

ఆవిడే ఈ బస్సులో ఉండి ఉంటే ఆ తువ్వాలుని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, బస్సంతా వినబడేలా "ఇది ఏ బాబుగారి తాలూకండీ?" అని అడిగి ఉండేవారు. కిందటి వేసవిలో పోయారు. ఆ బస్సు నన్ను తీసుకెళుతున్నది కూడా ఒకప్పుడు ఆవిడ నడిపిన చోటికే.

ఆవిడ మా పత్రిక అమలాపురం డెస్కుకి ఇన్‌ఛార్జి. విలేకరులు పంపిన వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీలు కట్టి, రాజమండ్రిలో ఉన్న ప్రెస్సుకి పంపే చోటు అది. కొత్త జిల్లా వచ్చాక పెట్టారు. కొబ్బరిపీచు వ్యాపారి గోదాము మీద మేడ. కిటికీ తీస్తే పీచు దుమ్ము, మూస్తే ఉక్క. ఆవిడది రాజోలు వైపు. తండ్రి మిషన్ బడిలో హెడ్మాస్టరు. ఆవిడా కొన్నాళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఆ తరవాత పత్రికలోకి వచ్చారు. చర్చిలో పాటలు పాడిన గొంతు. హాలు ఈ మూల నుంచి ఆ మూలకి వినబడడానికి ప్రయత్నమేమీ అక్కర్లేదు.

మధ్యాహ్నం కేరియరు మూత పెట్టాక ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. నూలు చీర, తెల్లటి బూట్లు, చేతికి ఒకే ఒక గాజు. బల్లల మధ్య తిరుగుతూ, పని ఆగినచోట ఆ గాజుతో కంప్యూటరు అంచు మీద టక్కున కొట్టేవారు. శీర్షిక ఏది వచ్చినా పైకి చదివేవారు. ఒక్క ఊపిరిలో రాకపోతే అది శీర్షిక కాదు. ఒకసారి ఒక సబ్ ఎడిటరు మరీ పొడుగ్గా రాస్తే, సగం చదివి గోడకి జారబడి, "మంచినీళ్లు తెండర్రా! దారిలో ఊపిరి అయిపోయింది" అన్నారు. రాసినవాడితో సహా అందరం నవ్వాం. శీర్షిక మూడు మాటలైంది.

ఆవిడకి కోపం వచ్చిందని కనిపెట్టడం తేలిక. మర్యాద పెరిగేది. "తమ్ముడూ" అంటే అంతా బాగున్నట్టు. "తమ్ముడుగారూ" అంటే జాగ్రత్తపడాలి. "తమ్ముడుగారూ, తమరు దయచేసి" అని మొదలైతే అవతలివాడు మెట్లు వెతుక్కునేవాడు. నన్ను మాత్రం మొదటిరోజు నుంచీ బాబాయిగారూ అనేవారు. నేను అప్పటికే జుట్టు తెల్లబడ్డ విలేకరిని. డెస్కులో ఒక మూల కుర్చీ వేసుకుని, వరదలొచ్చినా ఎన్నికలొచ్చినా నా పని నేను చూసుకునేవాణ్ని.

ఇక పెట్టె సంగతి. హాలు చివర గోడ పక్కన ఒక కంప్యూటరు ఉండేది. దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. వార్తలు, ఫొటోలు, కట్టిన పేజీలు అన్నీ దాన్లోనే. ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని, నెట్‌వర్క్ మీద దాన్లోకి వెళ్లి తెరుచుకునేవారు. అందరూ దాన్ని పెట్టె అనేవారు. పెన్‌డ్రైవులతో కొన్నాళ్లు నడిపి చూశాం. ఒకే పేజీకి మూడు రూపాలు తయారై, ఏది అసలుదో తేలక, పాత ధరలతో కొబ్బరి మార్కెట్ అచ్చయింది. ఆ మర్నాడు అంబాజీపేట కొబ్బరి వర్తకుల నుంచి వచ్చిన ఫోన్లు ఆవిడ ఒక్కరే అందుకున్నారు. అప్పటి నుంచి పెట్టెలో ఉన్నదే పేజీ.

ఆ పెట్టెకి ఒక కట్టడి ఉంది. ఒకేసారి ఇరవై కనెక్షన్లు తీసుకుంటుంది. ఇరవై ఒకటో మనిషి తలుపు తడితే, ఇక చోటు లేదని తెర మీద ఒక మాట పడేసి ఊరుకుంటుంది. ఏదో పాడైందనుకుని ఆవిడ హెడ్డాఫీసు ఇంజనీరుని పిలిపించారు. అతను చక్కగా విడమరిచి చెప్పాడు. ఇది పాడవడం కాదు, ఇలాంటి కంప్యూటరుకి ఉన్న హద్దే అది. అందరినీ పట్టించుకోవాలంటే సర్వరు కావాలి. దానికి పైనుంచి మంజూరు రావాలి. ఫొటోలు మాత్రం వేరే కంప్యూటరులోకి మార్చి చూద్దామన్నాడు. మార్చాం. పేజీలు పాత చోటే ఫొటోలు వెతుక్కుని, దొరక్క, బొమ్మల జాగాలో బూడిదరంగు గళ్లు పెట్టుకున్నాయి. మళ్లీ వెనక్కి తెచ్చాం.

హెడ్డాఫీసుకి ఇంకో ఆలోచన ఉండేది. ఇంతమంది అమలాపురంలో ఎందుకు, పేజీలు రాజమండ్రిలోనే కట్టేస్తే పోలేదా అని. పేజీలు తరచూ ఆలస్యమైతే డెస్కు ఎత్తేస్తామని మీటింగులో చెప్పి పంపారు. డెస్కులో సగంపైన ఆడవాళ్లు. అప్పనపల్లి నుంచి, చుట్టుపక్కల లంకల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు. రాజమండ్రి అంటే వాళ్లకి ఉద్యోగం లేనట్టే. ఆవిడ ఆ మాట హాల్లో చెప్పారు. చెప్పి, "నేనుండగా ఈ మేడ దిగేది పేజీలే గాని మీరు కాదు" అన్నారు. అలాంటి మాటలు అలవోకగా అనేసి, తరవాత నా బల్ల దగ్గరికొచ్చి "ఎలాగండీ బాబాయిగారూ?" అనడం ఆవిడకి అలవాటు.

ఒకరోజు మధ్యాహ్నం పెట్టె నిండిపోయిందని కేకలు వచ్చాయి. ఆవిడ గాజు ఎత్తి టక్కుమనిపించబోయి ఆగిపోయారు. హాలంతా కలియజూశారు.

"ఇదేంటండి బాబాయిగారూ, కుర్చీలేమో ఖాళీ, పెట్టె చూస్తే హౌస్‌ఫుల్లు!"

నిజమే. సగం మంది టీకి వెళ్లారు. కొందరు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు. కానీ వాళ్ల కంప్యూటర్లన్నీ పెట్టెలోకి వెళ్లి కూర్చునే ఉన్నాయి. ప్రతివాళ్లూ పొద్దున్న రాగానే చేసే మొదటి పని పెట్టెని తెరిచి వదిలెయ్యడం. పని ఉందని కాదు. సాయంత్రం చోటు దొరకదేమోనని. అందరికన్నా ఘనుడు ఉప్పలగుప్తం విలేకరి. పొద్దున్నే లాప్‌టాప్ తెచ్చి, వైరు తగిలించి, పెట్టె తెరిచి పెట్టి, తాను రొయ్యల చెరువుల మీద వార్తకి వెళ్లిపోయేవాడు. సాయంత్రం దాకా లాప్‌టాప్ ఒక్కటే ఉద్యోగం చేసేది.

ఆవిడ దాని దగ్గరికి వెళ్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "తువ్వాలు వేసెళ్లేడర్రా!" అన్నారు. హాలు పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆ జబ్బుకి ఆ పేరు స్థిరపడింది.

పేరు దొరికినంత తేలిగ్గా జబ్బు పోలేదు. పెట్టెలో ఎవరెవరున్నారో చూసి, అక్కర్లేనివాళ్లని తెంపేసే వీలు ఉందని ఇంజనీరు చూపించాడు. ఆవిడ ఒక్కసారి తెంపారు. అప్పనపల్లి నుంచి వచ్చే డిజైనరమ్మాయి పేజీ నేరుగా పెట్టెలోనే తెరిచి కడుతోంది. ఆ తెంపడంలో పూటంతా చేసిన పని పోయింది. ఆ అమ్మాయి గట్టిగా ఏడవలేదు, చున్నీతో కళ్లొత్తుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడ తన కేరియరు ఆ పిల్ల బల్ల మీద పెట్టి, "ఇంకెప్పుడూ ఎవర్నీ మెడ పట్టి దింపను. వాళ్లంతట వాళ్లు దిగాలంతే" అన్నారు.

అలా పుట్టింది ఆవిడ పద్ధతి. పెట్టెలోకి ఎక్కు, నీ పేజీ ఫోల్డరు మొత్తం ఫొటోలతో సహా నీ కంప్యూటరులోకి తీసుకో, దిగిపో. పని అయ్యాక మళ్లీ ఎక్కి, పెట్టి, దిగు. తెర మీద కిటికీ ఉత్తినే మూసేస్తే దిగినట్టు కాదు. డిస్‌కనెక్ట్ నొక్కాలి. నొక్కకుండా మూసినవాళ్లని "ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు" అని హాల్లో చాటింపు వేసేవారు. అందరూ ఆయ్, అలాగేనండి అన్నారు. ఆవిడ వెనక్కి తిరగ్గానే మళ్లీ తెరిచి పెట్టుకున్నారు.

"దిగడానికేముందండి మేడమ్‌గారూ, మళ్లీ ఎక్కనిచ్చేదెవరు?" అని ఉప్పలగుప్తం ఆయన మొహం మీదే అడిగాడు. అడిగింది అతనొక్కడే గాని, అందరి మనసులో ఉన్నదీ అదే.

గోదావరికి వరద వచ్చిన రోజు ఆ ప్రశ్నకి జవాబు వచ్చింది.

పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని పొద్దున్నుంచీ ఫోన్లు. లంకలకి వెళ్లే కాజ్‌వేలు మునిగిపోయేలోగా పేపరు వ్యాన్లు దాటాలి. అంటే రోజూ రాత్రి పంపే పేజీలు ఆ రోజు పొద్దు గూకేలోగా ప్రెస్సుకి చేరాలి. మధ్యాహ్నానికి జిల్లాలోని విలేకరులు దాదాపు అందరూ మా మేడ ఎక్కేశారు. తడిసిన బట్టలు, బురద చెప్పులు, మెడలో లాప్‌టాప్ సంచులు. ఒక్కొక్కరి దగ్గర చేంతాడంత వార్త, ఫోన్ నిండా ఫొటోలు. పెట్టె అరగంటలో నిండిపోయింది. ఆ బల్ల మీదా ఈ బల్ల మీదా అదే మాట: చోటు లేదు, చోటు లేదు.

అప్పుడే రాజమండ్రి నుంచి న్యూస్ ఎడిటరు ఫోన్. ఆవిడ స్పీకరులో పెట్టారు.

"ఇవాళ్టికి మీ పేజీలు మేం కట్టేస్తామమ్మా. వార్తలన్నీ ఇటు పంపించెయ్యండి."

ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఇవాళ్టికి అన్న మాటకి అర్థం హాల్లో తెలియనివాళ్లు లేరు. ఇవాళ అక్కడ కడితే రేపూ అక్కడే. డిజైనరమ్మాయి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"మా వరద మేం చూస్తున్నామండి సార్. పేజీ కూడా మమ్మల్నే కట్టనివ్వండి. పొద్దు గూకేలోగా మీ దగ్గరుంటాయి" అన్నారు ఆవిడ.

"మీ పెట్టె మోస్తుందామ్మా అంతమందిని?"

"ఆయ్! మోయిస్తామండి."

ఫోన్ పెట్టేసి నా వైపు వంగారు. "అనేసేనండి బాబాయిగారూ" అన్నారు చిన్నగా. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు.

నేరుగా తన బల్ల దగ్గరికెళ్లి, కంప్యూటరు వెనక నుంచి నెట్‌వర్క్ వైరు పీకేశారు. దాన్ని కండువాలా భుజం మీద వేసుకుని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడ్డారు.

"ఇదిగో, నా తువ్వాలు తీసేసేను. ఇవాళ నాకు సీటు లేదు. నాకు చూపించాల్సిందేదైనా ప్రింటు తీసి చేతికివ్వండి, ఎర్రపెన్నుతో దిద్దుతాను. మీరందరూ దిగండి. దిగినవాళ్లని మళ్లీ ఎక్కించే పూచీ నాది."

ఎవరూ కదల్లేదు. డిజైనరమ్మాయి మెల్లిగా అడిగింది. "దిగితే మళ్లీ మమ్మల్ని ఎక్కనిస్తారాండీ?"

"నేను గుమ్మంలోనే ఉంటానమ్మా. నిన్ను ఎక్కించకుండా బస్సు కదల్దు."

ఒక్కసారి పని పోగొట్టుకున్న పిల్ల అది. తెర వైపు చూసింది. పేజీ తన కంప్యూటరులోకి తీసుకుని, డిస్‌కనెక్ట్ నొక్కి, "దిగేనండీ" అంది. గుమ్మం దగ్గర ఫొటోలతో ఎదురుచూస్తున్న రాజోలు విలేకరి వెంటనే "ఎక్కేనండీ!" అని అరిచాడు. ఎక్కి, ఫొటోలు పెట్టి, "దిగేను!" అన్నాడు. ఆవిడ కుర్చీ మీంచి "రైట్ రైట్!" అన్నారు. హాల్లో నవ్వు వినబడింది. వరసగా ఇంకో నలుగురు దిగారు.

అంతలో మళ్లీ ఆగింది. చోటు లేదంటోంది. చేతులెత్తించి చూస్తే అంతమంది లేరు. ఎవరో దాక్కున్నారు. ఆవిడ చూపు మెల్లిగా అద్దాల గదికి వెళ్లింది. అందులో యాడ్స్ మేనేజరుగారు. ఇస్త్రీ చొక్కా, రెండు కంప్యూటర్లు, చేతిలో ఒక టాబ్. మూడింట్లోనూ పెట్టె తెరిచి ఉంది. ఆవిడ తలుపు తట్టి, చేతులు జోడించారు.

"అన్నయ్యగారూ, తమరు దయచేసి... ఒక్కరే మూడు సీట్లలో కూర్చున్నారండి."

హాల్లో అంత మర్యాద ఎవరూ ఎరగరు.

"నా యాడ్లు పేజీలో పడాలి కదండీ మేడమ్‌గారూ!"

"తప్పకుండా పడతాయండి. పేజీ ఉంటే."

ఆయన ఒకటి, రెండు, మూడు మూసేశారు. "డిస్‌కనెక్టండీ" అని ఆవిడ మెత్తగా గుర్తుచేశారు. అదీ నొక్కి, అద్దం తలుపులోంచి తల బయటపెట్టి, మొహమాటంగా, "దిగేనండీ" అన్నారు. అద్దాల గది గుమ్మంలోనే ఆవిడ చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది. ఆయన కూడా నవ్వేశారు.

అక్కడి నుంచి పని పాటలా సాగింది. ఈ మూల దిగేను, ఆ మూల ఎక్కేను, మధ్యలో రైట్ రైట్. టీ కోసం కూడా ఎవరూ లేవలేదు. ఒక్క ఉప్పలగుప్తం ఆయన మాత్రం మూల కూర్చుని, తల పైకెత్తకుండా, పొద్దుటి నుంచి ఎక్కిన సీటు ఎక్కినట్టే ఉన్నాడు. ఆవిడ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు. మెడ పట్టి దింపనన్నారు కదా.

పొద్దు వాలుతుండగా పి.గన్నవరం విలేకరి మెట్లెక్కి వచ్చాడు. నడుం దాకా తడి. ఏ రేవు నుంచి ఏ లంకకి పడవలు వేస్తున్నారో, ఏ బడుల్లో జనాన్ని ఉంచుతున్నారో, రెవెన్యూ వాళ్ల దగ్గర కూర్చుని మొత్తం రాయించుకొచ్చాడు. మొదటి పేజీలో దానికోసమే జాగా వదిలి పెట్టాం. మర్నాడు లంకల్లో జనానికి పేపరులో కావాల్సింది అదొక్కటే. సరిగ్గా అప్పుడే అన్ని మండలాల వాళ్లూ పేజీలు పెట్టడానికి ఎక్కి ఉన్నారు. పెట్టె నిండుగా ఉంది. అతని లాప్‌టాప్ మీద చోటు లేదని వచ్చింది. ఆవిడ కుర్చీ మీద నిలబడి నోరు తెరవబోయారు.

మూల నుంచి ఒక గొంతు వచ్చింది.

"నేను దిగుతున్నానండీ. గన్నవరం ఆయన్ని ఎక్కించండి."

ఉప్పలగుప్తం ఆయన. లేచి నిలబడి మరీ డిస్‌కనెక్ట్ నొక్కాడు. అతని వార్త ఇంకా సగంలోనే ఉంది. ఆవిడ కుర్చీ దిగి అతని దగ్గరికెళ్లి, భుజం మీది వైరు తీసి అతని మెడలో దండలా వేశారు.

"బతికించేవు తమ్ముడూ" అన్నారు. గారు లేదు.

"మళ్లీ ఎక్కిస్తారా మరి?" అన్నాడు అతను.

"తరవాత సీటు నీదే. మేనేజరుగారొచ్చినా ఇవ్వను."

పడవల వార్త పేజీలో పడింది. ఆవిడ శీర్షిక ఒక్క ఊపిరిలో చదివి, ఆఖరి పేజీ మీద ఎర్రపెన్నుతో సంతకం పెట్టారు. కిటికీలో ఇంకా ఎండ ఉండగానే పేజీలన్నీ రాజమండ్రికి వెళ్లిపోయాయి. అద్దాల గదిలోంచి పూతరేకుల డబ్బా ఒకటి బయటికొచ్చింది. మర్నాడు వరద జనాన్ని ఉంచిన బడుల్లో ఆ పేపరు చేతులు మారి చదివారని, పడవల జాబితా చింపి గోడకి అంటించారని విలేకరులు ఫోన్లు చేశారు.

న్యూస్ ఎడిటరు కూడా చేశారు. "మీ డెస్కు జోలికి ఇక రామమ్మా. ఇంతకీ ఆ పెట్టె అంతమందిని ఎలా మోసింది?"

"పెట్టె మొయ్యలేదండి సార్. దిగినవాళ్లు మోసేరు."

సర్వరు ఆ తరవాత నింపాదిగా వచ్చింది. దానికి ఇరవై అన్న హద్దు లేదు. ఆవిడ దానికి బొట్టూ పెట్టలేదు, ప్రార్థనా చేయించలేదు. గాజుతో టక్కున కొట్టి, "ఇక మీ తువ్వాళ్లు ఇళ్లకి పట్టుకుపోయి ఆరేసుకోండి" అన్నారు.

అమలాపురంలో బస్సు దిగాను. పీచు గోదాము అలాగే ఉంది. మేడ మెట్లెక్కితే అదే ఉక్క. ఆవిడ చోట ఇప్పుడు అప్పనపల్లి అమ్మాయి ఇన్‌ఛార్జి. నిలబడే ఉంది. హాల్లో చాలామంది కొత్తవాళ్లు, ఆవిడ మొహం చూడనివాళ్లు. నేను కూర్చున్న కాసేపట్లోనే ఒక కొత్త పిల్ల పేజీ ముగించి, ఎవరూ అడక్కుండానే, "దిగేనండీ" అంది. పక్కనున్న పిల్లవాడు "ఎక్కేను" అన్నాడు.

"ఇప్పుడు అక్కర్లేదు కదమ్మా, ఎంతమందైనా పడతారు కదా?" అని అడిగాను.

"ఏమోనండి, ఇక్కడ అలాగే అంటారండి" అంది ఆ పిల్ల. నేను అడగకూడనిదేదో అడిగినట్టు చూసింది.

మూల కుర్చీలో ఉప్పలగుప్తం ఆయన తల ఎత్తకుండా నవ్వుతున్నాడు. అతని కుర్చీ వీపుకి పాత నెట్‌వర్క్ వైరొకటి దండలా వేలాడుతోంది.

టీ తాగి లేచాను. మెట్ల మొదట్లో నిలబడి, చెప్పులు వేసుకుంటూ, నాకు తెలియకుండానే అనేశాను.

"దిగేనండీ."

హాలు హాలంతా ఒక్క గొంతుతో పలికింది.

"ఆయ్! రైట్ రైట్!"